పాపిట తీసిన చెయ్యి

ప్లాస్టిక్ కవరులోంచి అప్పుడే తీసిన చవక విగ్గుని ఒకసారి తిరగేసి చూడండి. లోపల ఎలాస్టిక్కు నెట్టు. దాని మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా మిషన్ మీద కుట్టిన వెంట్రుకల పట్టీలు, వరస కింద వరస. మెడ వెనక బిగువు సరిచేసుకోవడానికి రెండు హుక్కులు. నడినెత్తిన పాపిట కోసమని అతికించిన వేలెడు పొడవు నెట్టుముక్క. మళ్లీ బోర్లా తిప్పితే కారునలుపు, ట్యూబులైటు కింద కళ్లలో గుచ్చే మెరుపు, నుదురంతా కప్పేసే గుబురు. యాభై దాటిన తెలుగింటి ఆడమనిషి నుదుటి మీదికి అంత జుట్టు ఎందుకు వేసుకుంటుంది? ఇది ఫలానా తల కోసమని తయారైన వస్తువు కాదు. ఏ తలకైనా ఎలాగోలా పట్టేలా తయారైంది.

అలాంటి విగ్గు ఒకదాన్ని మా వదిన ఇంట్లో కూర్చుని వాళ్లక్క జుట్టుగా మార్చింది. ఆ పని దగ్గర కూర్చుని చూసిన దాన్ని కాబట్టి, చూసినది చూసినట్టు రాస్తున్నాను.

వదినది హైదరాబాదులో నాంపల్లి. డ్యాన్సు స్కూళ్ల యానివర్సరీలకి పిల్లల వేషాలు కుడుతుంది. రవీంద్రభారతిలో కార్యక్రమం ఉందంటే తెర వెనక పిల్లలకి జడలు కట్టడానికి పిలుస్తారు. వాళ్లక్కకి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో మొదలైంది. హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా, తర్వాత గుజరాత్‌కి మొదటి గవర్నరుగా పనిచేసిన మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉన్న ఆసుపత్రి అది. జుట్టు ఊడగొట్టే రకం మందులైతే మొదటి డోసు పడ్డ రెండు మూడు వారాలకే దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చేస్తుంది. చికిత్స ముగిశాక కొన్ని నెలలకి మళ్లీ మొలుస్తుంది. ఆ మధ్యకాలంలో పెళ్లిళ్లుంటాయి, పేరంటాలుంటాయి, తలుపు తట్టే పక్కింటివాళ్లుంటారు.

రెడ్‌హిల్స్ నుంచి ఆబిడ్స్ ఎంతో దూరం లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండి, ఆయన బట్టలూ వస్తువులూ చూసుకున్న ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం పేరు మీదే ఆ వీధి నిలిచింది. అలంకరణకి అలవాటుపడ్డ వీధి అన్నమాట. అక్కడా, అటు సుల్తాన్ బజారు వైపూ సవరాలు, జడగంటలు, కుచ్చులు, క్లిప్పులు అమ్మే కొట్లలో విగ్గులు కూడా వేలాడుతుంటాయి. వెయ్యి రూపాయల చిల్లరలో వచ్చినదాన్ని వదిన ఏరుకొచ్చింది. అసలు వెంట్రుకలతో చేసినదైతే దానికి ఎన్నో రెట్లు పెట్టాలి.

ఆ మాట రాస్తుంటే నాకు తిరుమల గుర్తొస్తుంది. కల్యాణకట్టలో భక్తులు ఇచ్చిన తలనీలాలని దేవస్థానం పొడవుని బట్టి రకాలుగా విడదీసి వేలం వేస్తుంది. మన తలల మీది జుట్టు అలా ప్రపంచమంతా తిరుగుతుంది. 2004లో ఇజ్రాయెల్‌లో ఒక పెద్ద రబ్బీ, అంటే యూదు మతగురువు, గుడిలో మొక్కుగా ఇచ్చిన వెంట్రుకలతో చేసిన విగ్గులు పెట్టుకోకూడదని తీర్పు చెబితే, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో యూదు స్త్రీలు వాటిని వీధుల్లో కుప్పపోసి తగలబెట్టారు. అసలు జుట్టు అంత దూరం వెళ్తుంటే, చైనాలో షూచాంగ్ లాంటి విగ్గుల ఊళ్ల నుంచి ప్లాస్టిక్ జుట్టు మన వీధికి వస్తోంది. ఏ మందులషాపు బిల్లు ఎంత అవుతుందో తెలియని ఇంట్లో ఆ ప్లాస్టిక్ జుట్టే దిక్కు. దాని మీద ఎంత పనితనం చూపించవచ్చో చూశాక నాకు దాని మీద చిన్నచూపు పోయింది.

వదిన మొదట కత్తెర పట్టలేదు, టేపు పట్టింది. నుదుటి అంచు నుంచి చెవుల వెనకగా మెడ కింది దాకా చుట్టుకొలత తీసింది. విగ్గులు సాధారణంగా ఇరవైరెండు అంగుళాల తలని మనసులో పెట్టుకుని చేస్తారు. ఒత్తయిన జుట్టు ఉన్నప్పటి తల వేరు, ఊడిపోయాక తల వేరు. చుట్టుకొలతలో తేడా కనపడుతుంది. హుక్కులు ఎంత బిగించినా పెడతల దగ్గర బుడగలా లేస్తుంది. వదిన థర్మోకోల్ తలబొమ్మ ఒకటి తెచ్చి, దానికి పాత నూలుచీర పేలికలు చుడుతూ అక్క కొలత వచ్చేదాకా పెంచింది. విగ్గుని దాని మీద గుండుసూదులతో దిగ్గొట్టి, మెడ వెనక నెట్టుకి చెవులకి కాస్త లోపలగా ఇటొకటి అటొకటి మడత కుట్టు వేసింది. ఆ కుట్టు ముడి లోపలివైపు కాక బయటివైపు వచ్చింది చూడండి, అక్కడే నాకు ఆమె చెయ్యి తెలిసింది. కీమో అవుతున్న తల చర్మం పుండులా ఉంటుంది. దారం ముడి తగిలినా ఓర్చుకోలేరు. ముడి బయట ఉంటే వెంట్రుకల కింద దాక్కుంటుంది, చర్మానికి తగలదు. లోపల అంచు పొడుగునా మెత్తటి నూలుగుడ్డ పట్టీ వేసింది. అదీ అక్క పాత చీరలోదే. కొత్తగుడ్డలో గంజి ఉంటుంది, గరుకు.

తర్వాత మెరుపు. మన వెంట్రుక మీద చేపపొలుసుల్లాంటి సన్నని పొరలు ఉంటాయి. వెలుతురు వాటి మీద పడి చెదిరిపోతుంది. ప్లాస్టిక్ పోగు నున్నన, పడ్డ వెలుగుని పడ్డట్టే తిప్పికొడుతుంది. వదిన బకెట్లో చన్నీళ్లు పోసి, షాంపూ వేసి, పిండకుండా ముంచి తేల్చి, బట్టలకి వాడే సాఫ్ట్‌నర్ కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి నీడన ఆరేసింది. ఆరాక టాల్కం పౌడరు అరచేతిలో వేసుకుని, చేతులు రుద్దుకుని, అరచేతికి మిగిలిన పొడినే జుట్టులోకి పట్టించి దులిపింది. పొడి నేరుగా చల్లితే బూడిద పడ్డట్టు ఉంటుంది. దువ్వడం కూడా కొసల నుంచి మొదలుపెట్టి పైకి, పెద్దపళ్ల దువ్వెనతో. పైనుంచి కిందికి లాగితే పట్టీ కుట్టే ఊడి చేతికొస్తుంది.

ఇక్కడ వేదిక మాట చెప్పాలి. వదిన చెయ్యి తయారైంది అక్కడే, ఇక్కడ చేసింది మాత్రం దానికి పూర్తిగా ఎదురు. పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం అనే వేదిక ఉంది. సురభివాళ్ల నాటకాలు అక్కడ చూసినవాళ్లకి ఆ కిరీటాల కింద భుజాల మీద పరుచుకునే ఉంగరాల జుట్టు తెలుసు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సమాజం అది. రేకందార్ నాగేశ్వరరావు గారికి, అంటే సురభి బాబ్జీగారికి, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆడవాళ్లే ఆడవేషాలు వేసిన సురభి ఒకవైపు, మగవాళ్లు ఆడవేషాలు కట్టిన సంప్రదాయం ఇంకోవైపు. స్థానం నరసింహారావు గారు (1902–1971) సత్యభామగా వస్తే ఆ కట్టూ నడకా చూసి ఆడవాళ్లు నేర్చుకునేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ గారు (1935–2012) భామాకలాపం ఆడినప్పుడు తెర మీదుగా ముందు బయటికి వచ్చేది సత్యభామ జడే. పాత్ర ముఖం కనపడకముందే జడ సవాలు విసరాలి. అందుకే ఆ జడ బారుగా ఉండాలి, లావుగా ఉండాలి, నగలతో బరువెక్కాలి, ఆఖరి వరసలో కూర్చున్నవాడికీ కనపడాలి. వేదిక విగ్గులో మందమూ మెరుపూ తప్పులు కావు, సద్గుణాలు. చూసే కన్ను దూరంలో ఉంటుంది కనుక పనివాడు కలుపుతూ పోతాడు.

ఇంటి విగ్గుని చూసే కన్ను జానెడు దూరంలో ఉంటుంది. బొట్టు పెట్టడానికి వంగిన ముత్తయిదువ కన్ను అది. కాబట్టి ఇక్కడ తీసేస్తూ పోవాలి.

వదిన తీసేసింది, అదీ భయపడకుండా. చవక విగ్గులో మనిషి తలకి ఉండాల్సినదానికన్నా జుట్టు బాగా ఎక్కువ ఉంటుంది, నెట్టు కనపడకుండా దాచాలి కదా. పైపొరని పాయలుగా తీసి క్లిప్పులు పెట్టి, కింద దాగిన పట్టీల్లో ఒకటి విడిచి ఒకటి కుట్టు విప్పేసింది. పైనుంచి చూస్తే ఏమీ పోలేదు. చేత్తో పట్టుకుంటే బరువు బాగా తగ్గింది. హైదరాబాదు మే నెలలో ఆ తగ్గిన బరువు అంటే ఏమిటో పెట్టుకున్నవాళ్లకే తెలియాలి.

“ఇది ఇట్లనే పెట్టుకోవచ్చు వదినా, గుండు కనవడకుంటె చాలనుకుంటె. కాని మా అక్క మా అక్క లెక్కనే కనవడాలె గద” అంది, పట్టీ విప్పుతూనే. ఆ తర్వాత చేసిందంతా ఆ మాటకి తగ్గట్టే ఉంది.

పాపిట దగ్గర ఆమె ఎంతసేపు కూర్చుందో చెప్పలేను, టీ రెండుసార్లు చల్లారింది. విగ్గుతో వచ్చిన పాపిట స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. నెట్టు రంగు తెల్లగా, మన ఒంటి రంగుకి ఆమడ దూరం. రెండు పక్కలా జుట్టు గోడలా ఒక్కసారే లేస్తుంది. అసలు పాపిట ఎలా ఉంటుందో ఎదురుగా కూర్చున్న మనిషిని చూడండి. నుదుటి దగ్గర కాస్త వెడల్పు, నడినెత్తికి పోయేకొద్దీ సన్నం. మధ్యలో ఎక్కడో ఒక వంకర. రెండు మూడు వెంట్రుకలు ఇటువి అటు దాటి ఉంటాయి. వయసు వచ్చినకొద్దీ, ఏళ్ల తరబడి ఒకేచోట తీసిన పాపిట ఇంకా వెడల్పవుతుంది.

వదిన ముందు అక్క రంగు కాంపాక్టు పౌడరుని చిన్న బ్రష్షుతో నెట్టు లోపలివైపు నుంచి అద్దింది. పైనుంచి అద్దితే వెంట్రుకల మొదళ్లకి అంటుకుని చుండ్రులా కనపడుతుంది. తర్వాత కనుబొమలు తీసే ప్లక్కర్ పట్టుకుంది. పాపిట వెంట వరసగా పీకలేదు. ఒక చోట రెండు, కాస్త ఎడం ఇచ్చి ఒకటి, మళ్లీ దగ్గరగా మూడు. పీకిన ప్రతిసారీ విగ్గుని చేతి దూరం పెట్టి చూసుకుంది. పీకినవి తిరిగి రావు కాబట్టి ఆ చూపులోనే పనంతా ఉంది. నుదుటి అంచు దగ్గర పావు అంగుళం మేర పల్చన చేసి, మిగిలినవాటిలో కొన్నిటిని కత్తెర ఏటవాలుగా పెట్టి పొట్టిగా కత్తిరించింది. అవి చెమటకి నుదుటికి అతుక్కునే చిన్నవెంట్రుకలు అయ్యాయి. ముందున్న గుబురుని కత్తిరించెయ్యలేదు. ఆవిరి పట్టి పక్కలకి పడుకోబెట్టి, చెవుల మీదుగా వెనక్కి తీసుకెళ్లింది. ఆ గుబురు చెవి పైభాగాన్ని కప్పడం వల్ల అక్కడ ఎలాస్టిక్కు అంచు దాగింది. దుకాణం ఇచ్చిన తప్పుని ఇలా వాడుకోవడం చూస్తే ముచ్చటేసింది.

తర్వాతి చిక్కు ముడి. వదిన వాళ్ల అక్కయ్యగారు ఇప్పుడు జడ వేసుకునే మనిషి కాదు, మెడ మీద చిన్న ముడి. విగ్గుకి ఇది గండం. పట్టీలన్నీ కిందికి చూస్తూ కుట్టి ఉంటాయి. జుట్టు పైకి లాగి ముడి వేస్తే మెడ దగ్గర వరసలు, నెట్టు అన్నీ బయటపడతాయి. విగ్గు పెట్టుకున్నవాళ్లు జుట్టు విరబోసుకునే ఉండటానికి కారణం చాలావరకు ఇదే. వదిన ఏం చేసిందంటే, ఇందాక విప్పిన పట్టీల్లో ఒకదాన్ని తీసుకుని మెడ అంచు పొడుగునా తలకిందులుగా కుట్టింది. దాని వెంట్రుకలు పైకి చూస్తాయి. ముడిలోకి లాగినప్పుడు అవి వెళ్లి అంచునీ నెట్టునీ కప్పేస్తాయి. తీసేసినదే మళ్లీ పనికొచ్చింది, కొత్తగా రూపాయి ఖర్చు లేదు. ఆ కుట్టు కూడా పొట్టిగా, ఎడంగా ఉంది. దగ్గరగా వేస్తే ఎలాస్టిక్కు సాగదు.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఇంకోటుంది. అక్కయ్యగారికి ముడి ఇప్పటిది, చిన్నప్పటి నుంచి నలభై దాటేదాకా జడే. ఏళ్ల తరబడి అల్లిన జుట్టుకి విప్పినా వెంటనే పోని ఒక చిన్న అల ఉంటుంది. వదిన తడి విగ్గుని సన్నసన్న పాయలుగా అల్లి, కొసలు దారంతో కట్టి, వేడినీళ్లు పోసింది. మరగకాచి కాదు, పొయ్యి మీద నుంచి దించి పొగలు తగ్గాక. తర్వాత రాత్రంతా కదపకుండా వదిలేసింది. ఈ పోగుకి ఒక లక్షణం ఉంది. వేడికి మెత్తబడి, ఏ ఆకారంలో చల్లారితే ఆ ఆకారం పట్టుకుంటుంది, మళ్లీ వేడి తగిలేదాకా వదలదు. మన జుట్టు తడిపి చుట్టుకుంటే మరుసటి తలస్నానానికి పోతుంది. జపాన్‌లో కనెకా కంపెనీ 1957లో మొదలుపెట్టిన కనెకలాన్ ఈ ప్లాస్టిక్ పోగుల జాతికి పెద్దదిక్కు. ఇస్త్రీ యంత్రం లాంటి స్ట్రెయిట్‌నర్లు తగిలిస్తే మాత్రం ఈ పోగు కరిగి ముద్దవుతుంది, వేడి తట్టుకునే రకమని రాసి ఉంటే తప్ప. పొద్దున పాయలు విప్పి వేళ్లతో విడదీసేసరికి జుట్టుకి ఒక గతం వచ్చింది. ఏళ్ల తరబడి జడ వేసుకున్న మనిషి జుట్టు అది.

రంగు మిగిలింది. గోరింటాకు, డై ఈ పోగుకి అంటవు. అవి వెంట్రుకలోని కెరటిన్‌ని పట్టుకుంటాయి, ప్లాస్టిక్‌లో అది ఉండదు. కారునలుపు కింద ఆ వయసు ముఖం పాలిపోయి కనపడుతుంది, కీమోలో ఉన్నప్పుడు మరీను. తెల్లవెంట్రుకలు కావాలి. వదిన దగ్గర పిల్లల నాటకంలో ముని వేషానికి కట్టిన తెల్లటి సింథటిక్ గడ్డం ఒకటి మూల పడి ఉంది. దాంట్లోంచి నాలుగు పోగులు లాగి, సన్నటి క్రోషే సూదితో నెట్టు కన్నంలోంచి దూర్చి ముడి వేసింది. కణతల దగ్గర కాస్త ఎక్కువ, పాపిట మొదట్లో అక్కడొకటి అక్కడొకటి. ఎడమ కణత కన్నా కుడి కణత దగ్గర ఎక్కువ పెట్టింది. ఎందుకని అడిగితే, అక్కకి అట్లనే ఉండె, అంది. ఫొటో చూసుకోలేదు. అక్క తలకి నూనె రాసిన చేతికి అది తెలుసు.

లోపాలు లేవా? ఉన్నాయి. ఎండలో నిలబడితే నడినెత్తిన ఇంకా కొంచెం మెరుపు ఉంది, పౌడరు రెండు రోజులకి రాలిపోతుంది, మళ్లీ పట్టించాలి. ముడిలో ముందు వేసిన పిన్నులు బరువైనవి, వెనక్కి లాగేవి. తర్వాత సన్నవి మార్చింది. మల్లెచెండు పెట్టడం నాకు అంత నచ్చలేదు. కుట్టు దాచడానికి పూలు పెట్టడం పాత ఉపాయమే, కానీ ఆ మెడ కుట్టు అంత బాగా వచ్చాక దాన్ని దాచాల్సిన అవసరం ఏముంది? అక్కయ్యగారు పూలు కావాలన్నారట. అప్పుడు నేను మాట్లాడటానికి లేదు.

గ్యాసు పొయ్యి దగ్గరికి వెళ్లేముందు విగ్గు తీసి నూలు రుమాలు కట్టుకోవాలని వదిన కచ్చితంగా చెప్పింది. పోపు పెట్టేటప్పుడు వచ్చే సెగ చాలు, ముందు వెంట్రుకలు ముడుచుకుపోయి చిక్కుపీచు అయిపోవడానికి. రాత్రిళ్లు తీసి తలబొమ్మ మీద పెట్టాలి. మెడ దగ్గర జాకెట్టు అంచుకి రాసుకుని ముందు అక్కడే చిక్కు పడుతుంది. రోజూ వాడితే చవక విగ్గు కొన్ని నెలలే ఉంటుంది. సొంత జుట్టు మొలవడం మొదలయ్యాక నెలకి అర అంగుళం చొప్పున పెరుగుతుంది. కింద జుట్టు మొలుస్తున్నకొద్దీ వదిన వేసిన మడత కుట్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ రావాలి. విప్పడానికి వీలుగానే పొడుగు టాకాలు వేసింది.

మీ ఇంట్లో ఎవరికైనా అవసరం వచ్చి ఆబిడ్స్ వైపు వెళ్తే, వదిన కొన్న పద్ధతి ఇది. విగ్గుని తలకి పెట్టి అద్దంలో చూసుకోవడం ఆఖరి పని. ముందు లోపలికి తిప్పండి. పట్టీల మధ్య ఎడం సమానంగా ఉందా, పాపిట నెట్టు అంగుళం వెడల్పన్నా ఉందా, వేలు పెట్టి లాగితే వెంట్రుకలు రాలుతున్నాయా చూడండి. రంగు నంబరు అడగండి. ‘1’ అంటే కారునలుపు, ‘1బి’ అంటే మన జుట్టుకి దగ్గరి నలుపు, ‘2’ ముదురు గోధుమ. నుదుటి మీద గుబురు ఉన్నదైనా పర్లేదు, పొట్టిది మాత్రం తీసుకోవద్దు. పొడుగుది కత్తిరించుకోవచ్చు, పట్టీలు విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. ట్యూబులైటు కింద కాకుండా కొట్టు గుమ్మం దాకా తెచ్చి వెలుతురులో చూపించమంటే దుకాణంవాళ్లు కాదనరు.